గ్లూకోజ్ నీళ్లు, పేగు దర్వాజలు, పెద్దవూర చింతచెట్టు

పోయిన జనవరిలో ఒక ఆదివారం పొద్దున ఐదింటికి, ఇంకా చీకటుండగానే, నేనూ మా సడ్డకుడూ నల్లగొండ గడియారం సెంటర్ నుంచి సైకిళ్ల మీద నాగార్జునసాగర్‌కి బయల్దేరాం. కనగల్, హాలియా, పెద్దవూర మీదుగా అరవై కిలోమీటర్ల పైనే ఉంటుంది. నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను, నలభై రెండేళ్లు, పొట్ట వస్తోందని సైకిల్ కొన్నాను. తనకి బత్తాయి తోట ఉంది, పొద్దున లేస్తే తోటలో తిరిగే మనిషి, ఆ రోజు తొక్కిన సైకిల్ కూడా వాళ్ల అబ్బాయిది.

నేను వారం రోజులు వీడియోలు చూసి మరీ తయారయ్యాను. ఎనర్జీ కావాలంటే గ్లూకోజ్ కావాలి, గ్లూకోజ్ ఎంత ఎక్కువుంటే అంత ఎనర్జీ, నా బుర్రకి ఎక్కింది ఇదీ. ముప్పావు లీటరు సీసాలో గ్లూకోజ్ పొడి పెద్ద చెంచాతో ఎనిమిది చెంచాలు వేసి గిలక్కొట్టాను, అడుగున కొంచెం కరగకుండా మిగిలింది కూడా. తనేమో రెండు అరటిపండ్లు, ఒక ఉప్పు బిస్కెట్ ప్యాకెట్, ఇంట్లో బిందెలో నీళ్లు.

హాలియా దాకా రాజాలాగా పోయాను. హాలియా దాటాక కడుపులో నీళ్లు బిందెలో తొణికినట్టు తొణకడం మొదలైంది. తాగింది తాగినట్టే అక్కడే ఉందని తెలుస్తూనే ఉంది, అయినా నీరసంగా ఉంది కదా అని ఇంకో నాలుగు గుక్కలు పోసుకున్నాను. తర్వాత మెలిపెట్టే నొప్పి. ఆ తర్వాత జరిగింది రాయను, రోడ్డు పక్కన కంపచెట్లు గుబురుగా ఉండబట్టి పరువు దక్కింది అని మాత్రం చెప్తాను. పెద్దవూర కాడ ఒక చింతచెట్టు కింద తువ్వాల పరుచుకొని పడుకుంటే మా సడ్డకుడు నా సీసా మూత తీసి వాసన చూశాడు.

"ఏందన్నా, గీ సీసల ఏం గలిపినవ్?"

"గ్లూకోజ్."

"ఎంత?"

"ఎనిమిది చెంచాలు. పెద్దయి."

"గది నీళ్లు గాదే అన్నా, పాకం."

తను సాగర్ దాకా పోయి, డ్యామ్ చూసి, చేపల పులుసు తిని, ఆ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. నేను సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకొని ఇల్లు చేరాను. ఏటా పదో తరగతి పిల్లలకి పోషణ పాఠం చెప్పే మనిషిని, చిన్నపేగులో ఆంత్రచూషకాల బొమ్మ బోర్డు మీద చూడకుండా గీస్తాను. ఆ సిగ్గుతోనే ఈ సంగతి మీద పడ్డాను. నాలుగు నెలలు చదివాను, నా మీద నేనే ప్రయోగాలు చేసుకున్నాను.

ముందు నా సీసా లెక్క. ఎనిమిది పెద్ద చెంచాలంటే దాదాపు 120 గ్రాములు. ముప్పావు లీటరులో 120 అంటే లీటరుకి 160, అంటే 16 శాతం. గ్లూకోజ్ అణుభారం 180 కాబట్టి లీటరుకి 890 మిల్లీమోల్‌ల దగ్గర తేలుతుంది, మిల్లీమోల్ అంటే నీళ్లలో ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత. మన నెత్తురు గాఢత అదే లెక్కలో 290 చుట్టుపక్కల. అంటే నేను తాగింది నెత్తురుకి మూడు రెట్లు చిక్కన. మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి జాడీలో ఊట ఊరుతుంది కదా, ముక్కలోని నీళ్లు ఉప్పు వైపు వచ్చేస్తాయి. పేగులో అదే జరిగింది. చిక్కటి తీపి నీళ్లు చిన్నపేగులో దిగగానే ఒంట్లో నీళ్లు పేగులోకి వచ్చాయి. దాహానికని తాగితే ఉన్న నీళ్లు పోయాయన్నమాట. పైగా కడుపు తనలో ఉన్నదాన్ని చిన్నపేగులోకి ఒకేసారి వదలదు, కింద తీపి చిక్కగా తగిలేకొద్దీ పైనుంచి వదలడం తగ్గిస్తుంది. అందుకే ఆ తొణకడం. దీనికి తోడు, గట్టిగా తొక్కేటప్పుడు నెత్తురంతా కాళ్లకీ చర్మానికీ పోతుంది, పేగుకి అందేది బాగా తగ్గిపోతుంది, మరీ గట్టి శ్రమలో ఐదో వంతుకి కూడా పడిపోవచ్చు. సగం మంది సెలవు పెట్టిన ఆఫీసుకి రెట్టింపు ఫైళ్లు పంపినట్టు.

అమ్మే స్పోర్ట్స్ డ్రింకుల్లో చాలావాటిలో చక్కెర 6 శాతం చుట్టుపక్కలే ఉండటానికి కారణం ఇది. 1965లో ఫ్లోరిడా యూనివర్సిటీలో రాబర్ట్ కేడ్ అనే డాక్టరు వాళ్ల ఫుట్‌బాల్ టీం పిల్లలు ఎండకి సొమ్మసిల్లుతుంటే నీళ్లు, చక్కెర, ఉప్పులు, నిమ్మరసం కలిపి ఇచ్చాడు. ఆ టీం పేరు గేటర్స్, డ్రింకు పేరు గేటరేడ్ అయింది. ఆరు శాతం అంటే అర లీటరు సీసాకి 30 గ్రాముల చక్కెర. కూల్‌డ్రింకుల్లో పదకొండు శాతం దాకా ఉంటుంది, అందుకే పరుగు మధ్యలో కూల్‌డ్రింక్ తాగినవాళ్లకి కడుపు బరువెక్కుతుంది.

సరే, పలుచన చేసుకుంటే సరిపోతుందా అంటే, అక్కడే అసలు సంగతి మొదలవుతుంది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే కాబట్టి కొంచెం సాగదీస్తాను.

గ్లూకోజ్ పేగు గోడలోంచి తనంతట తాను లోపలికి పోలేదు. కణం పొర కొవ్వుతో చేసింది, చక్కెర నీళ్లలో కరిగేది, రెండింటికీ పొత్తు కుదరదు. కాబట్టి దర్వాజ కావాలి. గ్లూకోజ్‌కి ఉన్న ముఖ్యమైన దర్వాజ పేరు ఎస్‌జీఎల్‌టీ1. ఒక ప్రొటీన్ అది. దాని షరతు ఏంటంటే ఒక గ్లూకోజ్ అణువు లోపలికి పోవాలంటే దానితో పాటు రెండు సోడియం అయాన్లు (ఉప్పు నీళ్లలో కరిగితే విడిపోయే కణికలు) రావాలి. జోడీ లేకుండా రానివ్వదు. కణం లోపల సోడియం తక్కువ, బయట ఎక్కువ, ఆ తేడా వల్ల సోడియం లోపలికి తోసుకొస్తుంది, వస్తూ వస్తూ గ్లూకోజ్‌ని చెయ్యి పట్టి లాక్కొస్తుంది. లోపలికొచ్చిన సోడియంని కణం వెనకవైపు నుంచి శక్తి ఖర్చుపెట్టి మళ్లీ బయటికి తోడేస్తూ ఉంటుంది, లేకపోతే ఆ తేడా ఉండదు, పని ఆగిపోతుంది. ఈ మాట మొదట చెప్పినాయన రాబర్ట్ క్రేన్, 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో. అప్పటిదాకా చక్కెర వేరే, ఉప్పు వేరే అనుకునేవాళ్లు.

ఈ దర్వాజలు మన పేగులో లెక్కకు మించి ఉన్నా అవన్నీ కలిసి చేసే పనికి ఒక హద్దుంది. గ్లూకోజ్ ఒక్కటే తాగితే, ఎంత తాగినా, అది కండరానికి చేరి కాలేది నిమిషానికి ఒక గ్రాము దగ్గర ఆగిపోతుంది. గంటకి 60 గ్రాములు. మిగతాది పేగులో క్యూలో నిలబడి ఉంటుంది, ఆ క్యూ సంగతే పైన చెప్పాను, కంపచెట్ల దాకా పోతుంది. ఇక్కడ ఇంకో విచిత్రం, ఈ హద్దు ఒంటి బరువుని బట్టి పెద్దగా మారదు. యాభై కిలోల అమ్మాయికీ తొంభై కిలోల నాకూ దాదాపు అంతే, ఎందుకంటే అడ్డం పడేది కండరం కాదు, పేగు.

ఫ్రక్టోజ్ సంగతి వేరు. పండ్లలో, తేనెలో ఉండే చక్కెర అది. దానికి సొంత దర్వాజ ఉంది, గ్లూట్5 అంటారు. దానికి సోడియం అక్కర్లేదు. అంటే గ్లూకోజ్ లైను నిండిపోయినా ఫ్రక్టోజ్ పక్క దర్వాజ నుంచి పోతూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన ఆస్కర్ యూకెన్‌డ్రప్, ఆయన సహచరులు 2004లో ఇదే పట్టుకున్నారు. సైకిల్ తొక్కేవాళ్లకి ఒకసారి గ్లూకోజ్ ఒక్కటే, ఇంకోసారి అంతే మోతాదులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండు పాళ్లకి ఒక పాలుగా కలిపి ఇస్తే, కలిపి ఇచ్చినప్పుడు ఒంట్లో కాలిన చక్కెర సగానికి పైగా పెరిగింది. తాగిన గ్రాములు అవే, మారింది దర్వాజల సంఖ్య ఒక్కటే. రెండున్నర, మూడు గంటలు దాటే పోటీల్లో గంటకి 90 గ్రాముల దాకా తీసుకోవచ్చు అనే సలహా ఇక్కడి నుంచే వచ్చింది. అయితే ఫ్రక్టోజ్ ఒక్కటే తాగితే మళ్లీ కష్టమే. దాని దర్వాజ చిన్నది, ఎక్కువైతే గ్యాసు, విరేచనాలు. అది చాలామటుకు కాలేయంలో గ్లూకోజ్‌గానో లాక్టేట్‌గానో మారాకే కండరానికి పనికొస్తుంది కూడా.

ఇది చదివిన రోజు వంటింట్లోకి పోయి చక్కెర డబ్బా చూసి నవ్వుకున్నాను. మనం చాయ్‌లో వేసుకునే చక్కెర అణువు ఏంటి? ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్, చేతులు పట్టుకొని ఉంటాయి. పేగు గోడ మీద ఉండే ఎంజైము ఆ చేతులు విడదీస్తుంది. ఒకటి ఈ దర్వాజకి, ఇంకోటి ఆ దర్వాజకి. నేను పైసలు పెట్టి ఒకే దర్వాజకి పనికొచ్చే పొడి కొన్నాను, రెండు దర్వాజల సరుకు ఇంట్లో డబ్బాలో ఉంది. మా సడ్డకుడి అరటిపండులోనూ మూడు రకాల చక్కెరలూ ఉంటాయి. 2012లో అమెరికాలో 75 కిలోమీటర్లు సైకిల్ తొక్కించి, అదే మనుషులు ఒకసారి అరటిపండు తిని, ఇంకోసారి స్పోర్ట్స్ డ్రింకు తాగి తొక్కితే రెండుసార్లూ టైము ఒకేలా ఉంది. ఈ సంగతి తనకి ఇప్పటిదాకా చెప్పలేదు, చెప్పను కూడా.

ఇప్పుడు ఉప్పు. ఎస్‌జీఎల్‌టీ1 గురించి చదవగానే నాకు తట్టింది మీకూ తట్టే ఉంటుంది: గ్లూకోజ్‌కి జోడీగా సోడియం కావాలి కదా, అయితే సీసాలో ఉప్పు పెంచితే చక్కెర ఇంకా వేగంగా పోతుంది కదా? సీసాల మీద కూడా ఇట్లాంటి అర్థం వచ్చేట్టే రాస్తారు. నేను రెండు వారాలు అదే నమ్మి, సముద్రం నీళ్లలాంటివి తాగాను, మా ఆవిడ "బీపీ తెచ్చుకుంటరా ఏంది" అనేదాకా.

అది నిజం కాదు. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగులో సోడియం కొరత ఉండదు, జీర్ణరసాలతో పాటు ఒళ్లే అక్కడ సోడియంని పోస్తూ ఉంటుంది. 1995లో అమెరికాలోని అయోవాలో ఆరు శాతం చక్కెర పానీయంలో సోడియంని సున్నా నుంచి లీటరుకి 50 మిల్లీమోల్‌ల దాకా మార్చి చూశారు, పేగు నీళ్లు పీల్చుకునే వేగం పెద్దగా మారలేదు. మీరు ఉప్పు వెయ్యకపోయినా జోడీ దొరుకుతుంది. మరి డ్రింకులో ఉప్పెందుకు? తాగిన నీళ్లు నెత్తుట్లో నిలబడటానికి, వెంటనే మూత్రంలో పోకుండా ఉండటానికి, దాహం చచ్చిపోకుండా ఇంకొంచెం తాగాలనిపించడానికి, చెమటలో పోయింది కొంతైనా తిరిగి రావడానికి. ఇవి చిన్న సంగతులేం కాదు. లీటరు చెమటలో సోడియం అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా, కొందరికి ఇంకా పైనే పోతుంది, మే నెలలో మా దగ్గర చొక్కా వీపు మీద తెల్లటి గీతలు పడేది అదే. నాలుగైదు గంటలు ఉత్త నీళ్లే కడవలకొద్దీ తాగితే నెత్తుట్లో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. కానీ చక్కెరని లోపలికి లాగడానికి ఉప్పు పెంచాలన్నది మాత్రం సగం తెలిసిన సైన్సు. నాలాంటి సగం తెలిసిన సార్లకి బాగా నచ్చుతుంది.

మరి ఓఆర్ఎస్? అక్కడ కథ వేరు. విరేచనాల్లో సోడియం బయటికి కొట్టుకుపోతూ ఉంటుంది, దాన్ని పూడ్చాలి. కలరాలో పేగు ధారలుగా నీళ్లు వదులుతున్నా ఎస్‌జీఎల్‌టీ1 దర్వాజ మాత్రం చెడిపోదు, గ్లూకోజ్, ఉప్పు కలిపి ఇస్తే ఆ దర్వాజ నుంచి సోడియం, దాని వెంట నీళ్లు లోపలికి వస్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు పశ్చిమ బెంగాల్లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట చావులు నాలుగు లోపుకి దిగాయి. ఆయన 2022లో పోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆలస్యం గురించి నేనేం అనను.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను, పరుగుకి ఓఆర్ఎస్ తాగితే బలం వస్తుందనుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే. గంటకి 60 గ్రాములు కావాలంటే నాలుగు లీటర్ల పైన తాగాలి, అట్లా తాగితే సైకిల్ తొక్కక్కర్లేదు, ఈత కొట్టొచ్చు. అందులో సోడియం లీటరుకి 75 మిల్లీమోల్‌లు, స్పోర్ట్స్ డ్రింకుల్లో మామూలుగా ఇరవై చుట్టుపక్కల. ఒకటి నీళ్లు పోయినప్పుడు, ఇంకోటి బలం కావాల్సినప్పుడు. తిప్పి చూసినా పొరపాటే, విరేచనాలైన పిల్లలకి తియ్యటి డ్రింకు పోస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. డబ్బా మీద ఓఆర్ఎస్ అని రాసి లోపల చక్కెర నీళ్లు అమ్మడం మీద హైదరాబాదులో పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి కొట్లాడింది, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అట్లా వాడొద్దని ఆర్డరు వేసింది. సంతోషమేసింది నాకు. మెడికల్ షాపులో అడిగేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడటం ఇంకా మానలేదు.

లేబుళ్ల మీద ఈమధ్య ఎక్కువ కనిపించే ఇంకో మాట మాల్టోడెక్స్‌ట్రిన్. పేరు చూసి భయపడొద్దు, చదువుకున్న గంజి అది. పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తే వచ్చే గ్లూకోజ్ గొలుసులు. నీళ్లలో గాఢత అనేది బరువుని బట్టి కాదు, ఎన్ని అణువులు తేలుతున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పది గ్లూకోజ్‌లు విడివిడిగా ఉంటే పది, గొలుసుగా ఉంటే ఒకటి. అందుకని అదే బరువు పిండిగొలుసు వేస్తే ద్రావణం అంత చిక్కనవదు, తీపి కూడా తక్కువ. కానీ పేగులో గొలుసు తెగాక మళ్లీ అదే గ్లూకోజ్, అదే దర్వాజ, అదే గంటకి 60 గ్రాముల హద్దు. దర్వాజ పెద్దదైపోదు. అందుకే మంచి డ్రింకుల్లో దానికి తోడు ఫ్రక్టోజ్ ఉంటుంది. కాబట్టి లేబుల్ చదివేటప్పుడు నేను చూసేది రెండే, వంద మిల్లీలీటర్లకి ఎన్ని గ్రాముల చక్కెర, అది ఎన్ని రకాల చక్కెర. విటమిన్ బీ12, టారిన్, సముద్రం అడుగు ఖనిజాలు, వీటిని పట్టించుకోను. జీరో షుగర్ అని రాసినదాంట్లో నీళ్లు, ఉప్పు, రంగు. దాహానికి పర్లేదు, కండరానికి మాత్రం అందులో ఏమీ లేదు.

కొబ్బరిబోండాం అడుగుతారు అందరూ. నాకిష్టమే. పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ, తీపి మూడు నాలుగు శాతం. దాంట్లో చిటికెడు ఉప్పేసుకుంటే బాగుంటుంది, ఎందుకో మనవాళ్లకి నచ్చదు. చెరుకురసం మాత్రం పాకం లెక్కే, సగానికి సగం నీళ్లు పోస్తేనే పరుగులో పనికొస్తుంది.

ఇదంతా చదివి తయారు చేసుకున్న నా సీసా ఇదీ: లీటరు నీళ్లు, చక్కెర 40 గ్రాములు, గ్లూకోజ్ పొడి 20 గ్రాములు, ఉప్పు చిన్న చెంచాతో పావు చెంచా, సగం బత్తాయి పిండిన రసం. చక్కెరలోంచి 20 గ్రాముల గ్లూకోజ్, 20 గ్రాముల ఫ్రక్టోజ్ వస్తాయి, పొడితో కలిపితే గ్లూకోజ్ 40, ఫ్రక్టోజ్ 20, అదే రెండుకి ఒకటి. గాఢత లెక్కేస్తే నెత్తురుకి దగ్గరదగ్గరే వస్తుంది. వంటింటి కాటా ఉంటే తూకం వేసుకోండి, చెంచాల లెక్క నన్నెక్కడ పడుకోబెట్టిందో చూశారు కదా. బత్తాయి బదులు నిమ్మకాయైనా ఫర్వాలేదు, కానీ నల్లగొండలో ఉండి, సడ్డకుడికి తోటుండి, నిమ్మకాయ కొంటే ఇంట్లో గొడవ. ఒకేసారి గటగటా కాకుండా పదిహేను ఇరవై నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు. ఆ తర్వాత ఇది పట్టుకొని దేవరకొండ రోడ్డు మీద యాభై కిలోమీటర్లు తొక్కాను, కడుపు గుర్తుకే రాలేదు.

మా చెల్లెలిని పాలమూరు ఇచ్చాం. మేనకోడలు కానిస్టేబుల్ ఉద్యోగానికని స్టేడియంలో పొద్దుగాల ఉరుకుతోంది. ఈ సీసా సంగతి వాళ్లమ్మ చెప్పినట్టుంది, ఫోన్ చేసింది.

"మామా, గా డ్రింకు నాక్కూడా జెప్పు. మా బ్యాచ్‌ల అందరు సీసాలు కొంటున్నరు."

"మీకు ఉరుకుడు ఎంత?"

"ఎనిమిదొందల మీటర్లు. ఐదు నిమిషాల ఇరవై సెకన్లు."

"గంతకి డ్రింకెందుకే! తాగింది పేగు దాటకముందే నీ పరుగు అయిపోతది."

నిజం అంతే. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్ ప్రకారం ఆడపిల్లలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, మగపిల్లలకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో. మన కండరాల్లో, కాలేయంలో కలిపి నాలుగైదు వందల గ్రాముల గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న గ్లూకోజ్) నిల్వ ఉంటుంది, గంట లోపు పనికి అది చాలా ఎక్కువ. రాత్రి అన్నం సరిగ్గా తిని, పొద్దున నీళ్లు తాగితే చాలు. పరుగుకి అరగంట ముందు తియ్యటివి తాగితే కొందరికి ఇన్సులిన్ లేచి, పరుగు మొదలయ్యాక షుగర్ పడి కళ్లు తిరిగినట్టు కూడా అవుతుంది. పిల్లలు అమ్మానాన్నల పైసలతో కోచింగ్ ఫీజు, హాస్టల్ ఫీజు, బూట్లు కొంటున్నారు, దానికి తోడు రోజుకో రంగు సీసా. చెప్పాను. వినిందో లేదో.

అయితే ఒక తమాషా ప్రయోగం ఉంది, దానికీ చెప్పాను. 2004లో అదే బర్మింగ్‌హామ్‌లో గంటసేపు సైకిల్ పందెంలో మధ్యమధ్య పిండిగొలుసు కలిపిన నీళ్లు నోట్లో పుక్కిలించి ఉమ్మేయమన్నారు, మింగొద్దన్నారు. అయినా మూడు శాతం దగ్గర టైము మెరుగైంది. ఒక్క గ్రాము కూడా పేగుకి పోలేదు. నోట్లో చక్కెర తగలగానే మెదడుకి "సరుకు వస్తోంది" అని కబురు పోతుంది, మెదడు కాళ్ల మీద పట్టు సడలిస్తుంది. గంట పందెంలో సంగతి ఇది, ఎనిమిదొందల మీటర్లలో పుక్కిలించే టైము కూడా ఉండదనుకోండి. "అయితే మనల్ని మనం మోసం జేసుకునుడేనా మామా" అంది మేనకోడలు. ఒక రకంగా అంతే.

మా స్టాఫ్‌రూంలో లెక్కల సార్‌కి షుగర్ ఉంది, ఎన్జీ కాలేజీ గ్రౌండులో రోజూ నడుస్తాడు, ఇది విని తనకీ సీసా కావాలన్నాడు. వద్దన్నాను. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లోపలికి తీసుకుంటుంది, గ్లూట్4 అనే ఇంకో దర్వాజ కండరం పొర మీదికి వచ్చి నిలబడుతుంది, నడిస్తే షుగర్ తగ్గేది ఆ లెక్కనే. నలభై నిమిషాలు నడిచి తగ్గించుకున్నది అర లీటరు సీసాతో మళ్లీ పోసుకోవడం ఎందుకు. కాకపోతే ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకీ నడకలో షుగర్ మరీ కిందికి పడే ప్రమాదం ఉంటుంది, వాళ్ల జేబులో గ్లూకోజ్ ఉండాల్సిందే. ఎవరికి ఏది అన్నది వాళ్ల డాక్టరు చెప్పాలి, నేను బడి సార్‌ని మాత్రమే.

ఇంకొకటి, పేగుకి కూడా అలవాటు నేర్పొచ్చట. పరుగులో చక్కెర తాగడం రెండు వారాలు వరుసగా సాధన చేసినవాళ్లకి కడుపు ఇబ్బందులు తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. అంటే నేను చేసిన అసలు తప్పు చెంచాలు ఒక్కటే కాదు, ముందు ఒక్కసారి కూడా తాగి చూడకుండా నేరుగా సాగర్ రోడ్డు మీద ప్రయోగం పెట్టడం.

ఇప్పుడు గంజి మీద పడ్డాను. చదువుకున్న గంజి డబ్బా బాగా ఖరీదు, చదువుకోని గంజి ఇంట్లో రోజూ పారబోస్తున్నాం. బంగ్లాదేశ్‌లో బియ్యప్పిండితో చేసిన ఓఆర్ఎస్ కలరాకి బాగా పనిచేసిందని చదివాక ఆగలేకపోయాను. గంజిలో కొంచెం బెల్లం, ఉప్పు వేస్తే గ్లూకోజ్ గొలుసూ ఉంది, బెల్లంలోంచి ఫ్రక్టోజూ ఉంది. పోయిన ఆదివారం పానగల్లు చెరువు కట్ట దాకా తీసుకుపోయాను. పది కిలోమీటర్లు కూడా కాకముందే గంజి మీగడ కట్టి సీసా మూతలో ఇరుక్కుంది, ఎంత పిండినా రాదు. మా సడ్డకుడు సైకిల్ ఆపి, జేబులోంచి అరటిపండు తీసి, తొక్క ఒలుచుకుంటూ నా వైపు చూస్తున్నాడు. వచ్చేవారం గుడ్డలో వడకట్టి, ఇంకా పలుచగా చేసి చూస్తాను.